ఇంటి తెలివి, బడి శాస్త్రము



నేనొక విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమునకై పరిశోధన చేయుచున్న విద్యార్థినిని. డాక్టరనగానే నాడి చూచి మందిచ్చువారని తలంపవలదు. ఒక ప్రశ్నను చేపట్టి, నాలుగైదు సంవత్సరములు దానిని వెంబడించి, కన్నదానిని విన్నదానిని వ్రాసి, పండితుల యెదుట నిలిచి సమర్థించుకొన్నవారికి విశ్వవిద్యాలయము లిచ్చు పట్టమది. నేను చేపట్టిన ప్రశ్న యిది: రేవున బట్టలుదుకువారి పిల్లలు, తాడిచెట్టు గీయువారి పిల్లలు, కడలిలో వల వేయువారి పిల్లలు, కొండలపై పోడు చేయువారి పిల్లలు బడిలో ప్రకృతిశాస్త్రమును ఎట్లు నేర్చుకొనుచున్నారు? శాస్త్రజ్ఞులలో ఇట్టి కుటుంబములవారు నేటికిని అరుదుగా కానవచ్చుటకు కారణమేమి?

ఈ ప్రశ్నకు లోకములో రెండు జవాబులు సిద్ధముగా నున్నవి. వారికి తెలివి చాలదని కొందఱందురు. వారి యింట చదువు లేదని మఱికొందఱందురు. మొదటిది అసత్యము. రెండవది సగము సత్యము. ఆ మిగిలిన సగమేమో మనవి చేయుటకే నేడు మీ యెదుట మాటలాడుచున్నాను.

ముందుగా నా సంగతి చెప్పవలెను. మాది రజక కుటుంబము. నాగావళి యొడ్డున మా రేవు. నా చిన్ననాట మా యమ్మ బజారు సోడాయు సబ్బుపొడియు వాడుచున్నను, మా నాయనమ్మ మాత్రము పాతపద్ధతిని విడువలేదు. చౌటినేలపై తెల్లగా తేలిన చౌడును గీచి తెచ్చి, నీట కలిపి, ఆ నీటిలో బట్టలు ముంచి, బానపై పేర్చి ఉబ్బపెట్టెడిది. పెండ్లియిండ్లనుండి వచ్చిన బట్టలపై పసుపు మరకలుండును. చౌడునీరు సోకినంతనే ఆ మరకలు ఎఱ్ఱబారెడివి. మొదటిసారి దానిని చూచినప్పుడు బట్ట చెడిపోయినదని నేను భయపడితిని. నాయనమ్మ నవ్వి, "ఎండకు వేయవే, అదే పోవును" అనెను. రెండెండలకు మరక పోయెను. నిమ్మకాయ పిండినచో ఎఱ్ఱని మరక మరల పసుపువన్నెకు తిరుగునని కూడ ఆమెయే చూపెను.

ఏడవ తరగతిలో మా ఉపాధ్యాయుడు నల్లబల్లపై మూడు మాటలు వ్రాసెను: ఆమ్లము, క్షారము, సూచిక. సూచికయనగా రంగు మారి క్షారమేదో ఆమ్లమేదో తెలుపునట్టి వస్తువు. దానికి లిట్మసు కాగితము కావలెను. మా బడికి అది రాలేదు. ఆయన పుస్తకములోని బొమ్మను చూపి, క్షారమునకొక ఉదాహరణము చెప్పుడని అడిగెను. నా నాలుకపై చౌడు అను మాట నిలిచెను. కాని నేను చెప్పలేదు. చెప్పినచో తరగతియంతయు మా రేవును, మా గాడిదను తలచుకొని నవ్వునేమోయని భయము. మఱియొక బాలుడు లేచి సోడియం హైడ్రాక్సైడని వల్లించెను. దానిని అతడు కంటితో చూచియుండలేదు. చూచినట్టు మాలో నెవరును లేరు. ఆయన అతనిని మెచ్చుకొనెను. నాకు మాత్రము శాస్త్రమునందు శ్రద్ధ లేదని వ్రాసెను.

ఆ ఉపాధ్యాయుడు చెడ్డవాడు కాడు. తాను చూపదలచిన ప్రయోగము తరగతిలోని ఒక పిల్ల యింట నిత్యము జరుగుచున్నదని ఆయనకు తెలియదు. ఆ పిల్లకు తెలిసినను చెప్పుటకు సిగ్గు. ఇద్దఱి నడుమ శాస్త్రము ఆగిపోయినది.

చౌడులోని ముఖ్యపదార్థము బజారులో దొరకు బట్టలసోడాయే. అది క్షారము. బట్టలోని జిడ్డుతో కలిసి దానిని కొంత సబ్బుగా మార్చును. అప్పుడు జిడ్డు నీటితోపాటు వదలిపోవును. పసుపులోని రంగుపదార్థము క్షారము తగిలినచో ఎఱ్ఱబారును, పులుపు తగిలినచో మరల తన వన్నెకు వచ్చును. సున్నము కూడ క్షారమే. అందువలననే పసుపును సున్నమును కలిపినప్పుడు పారాణియగుచున్నది. బిడ్డలకు దిష్టి తీయు ఎఱ్ఱనీళ్లగుచున్నవి. లిట్మసు కాగితము రాని బడి యుండవచ్చును గాని, పసుపు, సున్నము, నిమ్మకాయ దొరకని తెలుగు గ్రామము లేదు.

ఇది నా యొక్కదాని అనుభవమేయని కొంతకాలము తలచితిని. చదువగా చదువగా, లోకములో పలుతావుల ఇట్టిదే కానవచ్చినదని తెలిసినది. బ్రెజిలు దేశమున రెసిఫీ యను నగరము కలదు. అచ్చట వీధులలో కొబ్బరికాయలు, పండ్లు అమ్ముకొని బ్రతుకు బీదపిల్లలను ముగ్గురు పరిశోధకులు పరిశీలించి 1985లో ఫలితములను ప్రకటించిరి. మొదట వారు కొనువారివలె పిల్లలయొద్దకు పోయి బేరమాడిరి. ఒక కాయ ముప్పదియైదు. పది కాయలెంతయని అడిగిరి. ఆ బాలుడు కాగితము ముట్టక, మూడు కాయలు నూటయైదు, ఇంకొక మూడు చేరిన రెండువందల పది యని కూడుకొనుచు పోయి మూడువందల యేబదియని సరిగా చెప్పెను. అట్లు బజారులో అడిగిన లెక్కలలో నూటికి 98 వంతులు పిల్లలు సరిగా చేసిరి. పిమ్మట ఆ లెక్కలనే బడిలో వలె కాగితముపై వట్టి అంకెలుగా వ్రాసి యిచ్చిరి. అప్పుడు సరియైనవి నూటికి 37 వంతులు మాత్రమే. పిల్లలు వారే, లెక్కలు అవియే. అడిగిన తావు మారినది, అడిగిన తీరు మారినది. కాగితమునే చూచినవాడు ఆ పిల్లలకు లెక్కలు రావనును. బజారున చూచినవాడు గట్టివారనును.

ఇంత చదివియు నేనును ఆ తప్పే చేసితిని. పార్వతీపురము మన్యమునందలి ఒక సవర గ్రామమునకు పరిశోధనకై పోయితిని. సవరలు కొండవాలులను మెట్లుగా చెక్కి, రాతిగట్లు పేర్చి వరి పండించుటలో నేర్పరులు. వారి భాష తెలుగునకు చుట్టము కాదు. అది ముండాభాషలలో నొకటి. గ్రామపెద్దల సమ్మతియు, తల్లిదండ్రుల సమ్మతియు, పిల్లల సమ్మతియు పొందిన పిదప తెలుగులో అచ్చువేయించిన ప్రశ్నలను తీసితిని. విత్తనము అంకురించుటకు అవసరమగు పరిస్థితులేవి యని నా మొదటి ప్రశ్న. పదియేండ్ల బాలిక యొకతె నా ముఖము చూచుచు ఊరకుండెను. నేను కాగితముపై సున్న వ్రాసితిని.

ఆనాటి సాయంకాలము ఆ బాలిక తల్లి నన్ను తమ యింటికి పిలిచెను. పొయ్యికి పైన ఎండిన ఆనపబుఱ్ఱలు వ్రేలాడుచుండెను. వానిలో నేమున్నదని అడిగితిని. కళాశాలలో చదువుచున్న ఒక సవర యువకుడు నా మాటను వారికిని, వారి మాటను నాకును చేరవేయుచుండెను. విత్తనములని ఆ బాలికయే చెప్పెను. బూడిద కలిపి పొయ్యిపైన వ్రేలాడదీసినచో పొగకు పురుగు పట్టదనియు, చెమ్మ చేరదనియు చెప్పెను. కడచిన వానకాలమున గోడప్రక్కనున్న బుఱ్ఱలోనికి నీరు దిగి, బొబ్బర్లన్నియు అందులోనే మొలకెత్తినవని చెప్పి నవ్వెను. విత్తనమునకు తడి కావలెను, వెచ్చదనము కావలెను, దాచుటకు ఆ రెండింటిలో తడియైనను లేకుండవలెను. నా ప్రశ్నకు జవాబు ఆ పొయ్యిపైననే వ్రేలాడుచున్నది. నేను సున్న వ్రాసినది ఆ పిల్ల తెలివికి కాదు, నా ప్రశ్నకు.

ఈ భాషాసమస్య నేటిది కాదు. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నున్నప్పుడే దీనిని గుర్తించిరి. సవరపిల్లలకు సవరభాషలోనే చదువు మొదలుపెట్టవలెనని తలచి, తాము ఆ భాషను నేర్చి, అందులో వాచకములు వ్రాసి, వారికి బడులు పెట్టించిరి. ఆయన రచించిన సవరభాషా గ్రంథమును 1931లో మద్రాసు ప్రభుత్వమువారు ప్రకటించిరి. ఆయన 1940లో కీర్తిశేషులైరి. తరువాత చాల కాలమునకు, 2004లో, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము సవర, కోయ, గోండి మొదలగు ఎనిమిది భాషలలో చిన్నతరగతుల బోధనను ప్రారంభించినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము కూడ సాధ్యమైనచోట్ల ఐదవ తరగతివఱకైనను ఇంటిభాషలో బోధింపవలెనని చెప్పినది.

మరునాడు నా అచ్చుకాగితములను సంచిలో పెట్టి, పిల్లలతో చిన్న ప్రయోగము మొదలుపెట్టితిని. బొబ్బర్లను మూడు భాగములు చేసితిమి. ఒకటి పొడిగా నుంచితిమి. ఒకటి తడిబట్టలో కట్టితిమి. మూడవదానిని సీసాలో వేసి మెడవఱకు నీరు పోసి మూతపెట్టితిమి. ఏవి మొలచునో ముందుగా చెప్పుడని అడిగితిని. తడి తగిలినవి మొలచునుగదా, కావున రెండవదియు మూడవదియు మొలచునని పిల్లలందఱును చెప్పిరి. ఐదవనాడు చూడగా తడిబట్టలోనివి మొలకెత్తినవి. సీసాలోనివి ఉబ్బి, కుళ్లి, కంపుకొట్టుచుండెను. పిల్లలు ఆశ్చర్యపడిరి. విత్తనము కూడ ఊపిరి తీయుననియు, దానికి గాలి కావలెననియు అప్పుడు చెప్పితిని. ఇంట తెలియని సంగతి యొకటి ఆనాడు వారికి బడినుండి లభించినది. ఆ బాలిక సీసాను మాటిమాటికి వాసన చూచి ముఖము చిట్లించుచుండెను. కాని దానిని విడువలేదు.

ఇంతలో అరుగుపై కూర్చుండి చూచుచున్న ముదుసలి యొకడు నన్ను పిలిచెను. "అమ్మా, నీవు చెప్పినది బొబ్బర్లకు సరియే. మరి వరి నీటి క్రింద మొలచుచున్నదే! దానికి ఊపిరి అక్కరలేదా?" అని అడిగెను.

నాకు జవాబు తెలియదు. తెలియదనియే చెప్పితిని. తెలిసికొని వచ్చి చెప్పెదను తాతా యని మాటయిచ్చితిని.

విశ్వవిద్యాలయమునకు పోయి గ్రంథములు తిరుగవేసి, వ్యవసాయశాస్త్రము చదివినవారిని అడిగితిని. వరిగింజ ఈ విషయమున ధాన్యములలో ప్రత్యేకమైనది. గాలి లేని తావున కూడ అది లోపలి పిండిని చక్కెరగా మార్చి, ఆ చక్కెరను పులియబెట్టి, అట్లు పుట్టిన కొద్ది శక్తితో తెల్లని మొలకను పైకి సాగదీయును. కల్లు పులియుటయు, గింజ లోపల జరుగు ఈ పనియు ఒక్క తీరువే. అయితే ఆ శక్తి వేరునకు చాలదు. మొలక గాలిని అందుకొనువఱకు వేరు సరిగా సాగదు. నెలదినముల తరువాత మరల ఆ గ్రామమునకు పోయి ఈ సంగతి చెప్పితిని. ఆయన తలయూపి, "అందుకే కాబోలు, చల్లిన మడిలో నీరు తీసివేయకున్నచో మొలక తేలునుగాని వేరు పట్టదు" అనెను. ఏండ్లతరబడి చేతితో చేసిన పనికి ఆయనకు ఆనాడు కారణము దొరకినది. నాకు నా గ్రంథములో వ్రాసికొనదగిన అధ్యాయము దొరకినది. విత్తనములు నానబోసి మండెకట్టునప్పుడు మీరును దీనిని గమనించియే యుందురు.

అయితే యింటి తెలివి యంతయు సత్యమని నేను చెప్పుటలేదు. అట్లు చెప్పుట పిల్లలకు మేలుచేయుట కాదు. సమరపుంగవన్, వోస్నియాదు, బ్రూవరు అను పరిశోధకులు హైదరాబాదులో చిన్నతరగతుల పిల్లలను భూమి, సూర్యుడు, చంద్రుడు అను వానిని గూర్చి ప్రశ్నించి, 1996లో తమ ఫలితములను ప్రకటించిరి. భూమి నీటిపై నిలిచియున్నదని పలువురు పిల్లలు తలచుచుండిరి. మన పురాణకథలు వినినవారికి ఇది వింత కాదు. ఉపాధ్యాయుడు భూమి గుండ్రనిదని చెప్పినప్పుడు పిల్లవాడు పాతమాటను పాఱవేయడు. పాతదానిని క్రొత్తదానిని అతికించి తనదైన మూడవ భూమి నొకదానిని మనస్సులో కట్టుకొనును. పరీక్షలో గుండ్రనిదని వ్రాయును, మార్కులు వచ్చును, లోపల అతుకు అట్లే యుండును. కావున ఇంటి మాటను అణచివేసినను ప్రయోజనము లేదు, పొగడి వదలినను ప్రయోజనము లేదు. దానిని బయటికి రప్పించి, పరీక్షకు పెట్టవలెను. సీసాలోని బొబ్బర్లు చేసినది అదియే.

ఈ మార్గమున పెద్దయెత్తున సాగిన ప్రయత్నమొకటి మన దేశముననే కలదు. మధ్యప్రదేశమున నాటి హోషంగాబాదు జిల్లాలో 1972లో పదునాఱు మాధ్యమికపాఠశాలలలో అది ఆరంభమైనది. కిశోర్ భారతి యను సంస్థయు, రసూలియాలోని ఫ్రెండ్సు రూరల్ సెంటరును దానిని నడిపినవి. 1978లో అది జిల్లాయంతటికి వ్యాపించినది. 1982 నుండి ఏకలవ్య యను సంస్థ దాని భారమును వహించినది. పిల్లలు నలుగురేసి జట్టుగా కూర్చుండి, చౌకగా దొరకు వస్తువులతో తామే ప్రయోగములు చేసెడివారు. పొలములకు పోయి ఆకులను, మట్టిని, పురుగులను పరిశీలించెడివారు. పరీక్షలో పుస్తకము తెఱచి చూచుకొనుటకు అనుమతి యుండెను. వల్లెవేయుట కాక ఆలోచించుటయే అడుగబడెడిది. ముప్పది సంవత్సరములు సాగిన ఆ కార్యక్రమమును 2002లో ప్రభుత్వము నిలిపివేసినది. అయినను పల్లెబడిలో, పేదపిల్లలతో, ఖరీదైన ప్రయోగశాల లేకయే శాస్త్రమును శాస్త్రముగా నేర్పవచ్చునని అది చూపినది.

ఇక మీతో మూడు మాటలు మనవి చేసి ముగించెదను.

మొదటిది. నావంటి పరిశోధకులు మీ గ్రామమునకు వచ్చినప్పుడు ఊరక తలయూపి పంపవలదు. ఏమి అడుగుటకు వచ్చితిరి, పిల్లల పేర్లు బయటపెట్టుదురా, మీరు వ్రాసినది మాకు మరల వచ్చి చెప్పుదురా యని అడుగుడు. పిల్లకు ఇష్టము లేకున్నచో మానుకొందురా యని అడుగుడు. ఇది మీ హక్కు. నిజమైన పరిశోధకుడు దీనికి నొచ్చుకొనడు. నన్ను ఆ సవరవృద్ధుడు అడిగిన ప్రశ్న నా పనిని చెఱుపలేదు, దానిని చక్కదిద్దినది.

రెండవది. మీ యూరి బడికి ఒకనాడు పొండు. కుమ్మరి మట్టిలో ఇసుక పాలెంతయో, కమ్మరి ఇనుమును ఎప్పుడు నీట ముంచునో, ఏ కార్తెలో ఏ పైరు వేయుదురో, ఎందువలననో, ఉపాధ్యాయుని సమ్మతితో పిల్లలకు చెప్పుడు, చూపుడు. పిల్లలు ఎందుకని అడిగినప్పుడు కసరవలదు. మీకు తెలియనిది తెలియదనుడు. పెద్దవారు తెలియదనుట వినిన పిల్లలకు అడుగుటకు ధైర్యము కలుగును.

మూడవది చాల చిన్నది, కాని నాకు అన్నిటికంటె ముఖ్యమైనది. తరగతిలో చౌడు పేరెత్తిన పిల్లను చూచి ఎవరైన నవ్వినచో, ఆ నవ్వును ఆపుడు. పేదపిల్లలు బడిలో ఊరకుండుటకు కారణము తెలియకపోవుటయే కాదు. తెలిసినదానిని చెప్పినచో తమ కులమును, తమ పనిని, తమ తల్లిదండ్రులను నవ్వుదురను భయము కూడ కారణము. ఆ భయమును పోగొట్టుట ఉపాధ్యాయుని కొక్కనికే సాధ్యము కాదు. ఊరిలో మీ మాటకు విలువ కలదు.

మా నాయనమ్మ ఇప్పుడు లేదు. చదువు రానిదని ఆమెను అందఱును అనెడివారు. ఆమెయు అట్లే అనుకొనెడిది. నా గ్రంథములో క్షారములను గూర్చిన అధ్యాయమునకు మొదటి ఉదాహరణముగా ఆమె చౌడుబానను వ్రాసితిని. నేడు మీ యింట చిటికెడు పసుపును నీటిలో కలిపి, కొంచెము సున్నము వేసి, పిమ్మట నిమ్మకాయ పిండి, ప్రక్కన కూర్చున్న మనుమనికో మనుమరాలికో చూపుడు. ఎందుకట్లయినదని వారు అడుగుదురు. అక్కడ శాస్త్రము మొదలగును.

సెలవు.